కిటికీ పాట అసలు వేగం

నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్ళిన మొదటి ఆదివారం, ముందు గదిలో ఆస్తి పంపకాలు జరుగుతున్నాయనుకున్నాను. ఒకాయన బల్ల గుద్దుతున్నారు. ఇంకొకాయన కుర్చీలోంచి విసురుగా లేచి గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి కూర్చుంటున్నారు. మా మామయ్యగారి గొంతు వీధి చివరికి వినబడుతోంది. "అద్దం మీరుంచుకోండి మాస్టారూ, నాకభ్యంతరం లేదు. గొడుగు వీడికిచ్చెయ్యండి. మెట్లు మాత్రం నావి. వాటి జోలికొస్తే ఊరుకోను!" అంటున్నారు. మేడ మెట్ల దగ్గరే ఇంత రగడైతే మేడ సంగతేమిటా అని, కొత్త కోడల్ని కదా, వంటింట్లోనే బిక్కుబిక్కుమంటూ నిలబడిపోయాను. అత్తయ్య టీ వడపోస్తూ నా మొహం చూసి నవ్వారు.

"కంగారు పడకు. వాళ్ళు పాటల గురించి మాట్లాడుకుంటున్నారు."

"పాటల గురించా? ఇలాగా?"

"వారం వారం ఇంతే. చొక్కాలు చిరిగితే కుట్టిపెట్టడానికి నేనున్నానుగా, ఆ ధైర్యం."

అత్తయ్యది కుట్టుపని. రెండు బడులకి యూనిఫాంలు ఆవిడే కుట్టేవారు. వేసవి సెలవులంటే అందరికీ విశ్రాంతి, మా ఇంట్లో మాత్రం మెషిను ఆగేది కాదు. బడులు తెరిచేలోపు చొక్కాలూ లాగులూ గౌన్లూ గుట్టలుగుట్టలుగా వెళ్ళిపోవాలి. నేను వెళ్ళిన రెండో రోజునుంచే కాజాలు కుట్టడం నా పనైంది. మా ఆయనకి రాత్రి షిఫ్టులు. పగలంతా గుర్రు పెట్టి నిద్రపోయేవారు కనక ఈ కథలో ఆయన ఊసు పెద్దగా రాదు.

ఇంతకీ ఆ గొడవంతా ఒక బ్యాండు గురించి. ఎనభైల్లో నలుగురు కుర్రాళ్ళూ ఒక అమ్మాయీ కలిసి పెట్టుకున్న బ్యాండు, పాడేది ఆ అమ్మాయే. ఐదారేళ్ళు ఒక ఊపు ఊపి, నాలుగు ఆల్బంలూ బోలెడు సింగిల్సూ వదిలి, ఎవరి దారిన వాళ్ళు పోయారు. సింగిల్సంటే అటొక పాట, ఇటొక పాటతో విడిగా వచ్చే చిన్న రికార్డులని నాకు మామయ్యగారే పాఠం చెప్పారు. బ్యాండుకి పేరు లేకపోలేదు గానీ ఆ గదిలో ఎవరూ ఆ పేరు పలికేవారు కాదు. "మనవాళ్ళు" అనేవారు. "మనవాళ్ళు ఆ ఏడు ఎందుకు తగ్గారంటే" అని మొదలుపెడితే, ఆ అమ్మాయి వీళ్ళ మేనకోడలేమో అనిపించేది. ఆల్బంలకీ అసలు పేర్లుండేవి కావు, అట్ట మీది బొమ్మే పేరు. మొదటిది "గొడుగు". తర్వాత "అద్దం". మూడోది "మెట్లు". చివరిది అట్ట మీద ఏ బొమ్మా లేని "తెల్లట్ట". దాన్ని ఎవరూ తమదనేవారు కాదు.

ముగ్గురికీ మూడు ఆల్బంలు. "గొడుగు" బస్సు బాబాయిది. ఆయన నిజంగానే బస్సు డ్రైవరు. "అందులో ఒక్క పాట పక్కన పెట్టు చూద్దాం! అన్నీ సింగిల్సుగా వచ్చినవే. డ్రమ్ములు మోటుగా ఉంటాయంటారు. ఉండనీ, వయసలాంటిది!" అనేవారు. "అద్దం" లెక్కల మాస్టారిది. ఆయన ఎప్పుడూ గొంతు పెంచేవారు కాదు, బల్ల మాత్రం గుద్దేవారు. ఆ ఆల్బంలో మొదటి పాట ఎత్తుగడ చివరి పాటలో తలకిందులుగా వస్తుందట. "ఇది తెలియని వాడు ఆ ఆల్బం విన్నట్టు కాదు" అని ఆయన వాదన. "మెట్లు" మామయ్యగారిది. వయొలిన్లూ బాకాలూ పెట్టి మనవాళ్ళు ఆకాశానికి నిచ్చెన వేసింది అందులోనే అని ఆయన చెప్తుంటే, నాకు ఒక్క పాటా తెలియకపోయినా ఒళ్ళు జలదరించేది.

ముగ్గురికీ ఒక్క దాంట్లోనే గొడవ లేదు. సింగిల్స్ అన్నింటిలోకీ గొప్పది "మెట్లు"లోంచి వచ్చిన కిటికీ పాట. దాని సంగతి రాగానే ముగ్గురూ చల్లబడిపోయేవారు.

"ఎంత నిదానం! దుఃఖాన్ని ఆ పిల్ల ఎక్కడా తొందరపెట్టదు చూశావా," అనేవారు మామయ్యగారు.

"అతను ఇక రాడని తెలిసీ కిటికీ దగ్గర నుంచుంటుంది. ఆ బరువంతా గొంతులో ఉంది," అనేవారు మాస్టారు.

బస్సు బాబాయి అయితే తువ్వాలుతో కళ్ళొత్తుకునేవారు.

మా ఊళ్ళో ఈ బ్యాండు పాట ఎవరింట్లో మోగినా అది మామయ్యగారి చేతి చలవే. అప్పట్లో ఆయనది క్యాసెట్ల షాపు. కొత్తగా పెళ్ళయిన రోజుల్లో ఓడ మీద పనిచేసే మనిషొకడు మనవాళ్ళ రికార్డులు తెచ్చి, మళ్ళీ ఓడెక్కేలోపు ఇచ్చెయ్యమన్నాడట. మామయ్యగారు నిద్రాహారాలు మాని, తన రికార్డు ప్లేయరు మీద ఒకదాని తర్వాత ఒకటి తిప్పి క్యాసెట్లకెక్కించారు. ఆ క్యాసెట్లలోంచి వందలకొద్దీ కాపీలు ఊళ్ళోకి వెళ్ళాయి. నేను వెళ్ళేసరికి షాపులో సెల్‌ఫోన్ల రీచార్జి కార్డులూ చార్జర్లూ అమ్ముతున్నారు గానీ, ఆ మొదటి క్యాసెట్లు మాత్రం ఇంట్లో ఇనప బీరువాలో, నగలుండాల్సిన అరలో ఉండేవి. ఆయనకి ఆ పాటలంటే చెవి కోసుకునేంత ఇష్టం. మనిషన్నవాడికి ఒక్క విషయం మీదైనా అంత ప్రేమ ఉండాలని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది.

అత్తయ్యా ఆ పాటలు పాడుకునేవారు, మెషిను తొక్కుతూ, లోగొంతుతో. కానీ ముందు గదిలో క్యాసెట్టు ఒక దారిలో వెళ్తుంటే ఆవిడ ఇంకో దారిలో వెళ్ళేవారు. కాస్త పైస్థాయిలో, కాస్త వేగంగా. ఒక్కోసారి క్యాసెట్టు పల్లవి దగ్గరుండగానే ఈవిడ చరణంలోకి వెళ్ళిపోయేవారు.

"ఎవరు తరుముతున్నారు వదినా?" అని బస్సు బాబాయి అక్కణ్ణుంచే అరిచేవారు.

"మెషిను మీద పాడితే పాటా మెషినైపోతుంది," అనేవారు మామయ్యగారు. అందరూ నవ్వేవారు. అత్తయ్య కూడా నవ్వి ఊరుకునేవారు. నిజం చెప్పాలంటే మొదట్లో నేనూ నవ్వాను.

ఆ వేసవిలోనే మా ఊరికి ఎఫ్.ఎం. రేడియో వచ్చింది. వచ్చిన కొద్ది రోజులకే, మనవాళ్ళ పాటల మీద వేసవంతా కార్యక్రమం అని ప్రకటించారు. ప్రతి ఆదివారం సాయంత్రం కొన్ని పాటలు వేస్తారు. వేసవి చివర్లో మూడు ఊళ్ళ నుంచి ముగ్గురు అభిమానుల్ని స్టూడియోకి పిలుస్తారు. ఏ ఆల్బం గొప్పది, ఏ సింగిల్ గొప్పది అని వాళ్ళు లైవులో వాదించుకోవాలి. ఇంకేముంది, మా ఇంట్లో పెళ్ళి సందడి మొదలైంది. మా ఊరి తరఫున ఎవరు వెళ్ళాలన్న దాంట్లో మాత్రం వాదనే లేదు.

"నువ్వే వెళ్ళాలి. ఈ ఊరికి ఆ పాటలిచ్చింది నువ్వు. కాకపోతే 'అద్దం' గురించి ఒక్క మాట న్యాయంగా చెప్పు," అన్నారు మాస్టారు.

"చెప్తాను. నాకు నచ్చలేదని న్యాయంగా చెప్తాను," అన్నారు మామయ్యగారు.

మొదటి ఆదివారం ముగ్గురూ రేడియో చుట్టూ చేరారు. నేనూ అత్తయ్యా వెనక గదిలో పనిలో ఉన్నాం. అనౌన్సరమ్మాయి గలగలా మాట్లాడి, "ఇదిగో, అందరూ అడుగుతున్న పాట" అంది. కిటికీ పాట మొదలైంది.

ముందు గదిలో కుర్చీ కిర్రుమంది.

"ఏంటిది?" అన్నారు మామయ్యగారు. "ఏంటీ పరుగు? ఆ పిల్ల గొంతు అలా కీచుమంటోందేంటి?"

"వీళ్ళ మిషను స్పీడెక్కువ," అన్నారు బస్సు బాబాయి. "కొత్త స్టేషను కదా, కుర్రకారు. చూసుకోరు."

"హత్య!" అని మాస్టారు బల్ల గుద్దారు.

మామయ్యగారు అప్పటికే ఫోను తిప్పుతున్నారు. నేను నవ్వుకుంటూ అత్తయ్య వైపు తిరిగాను. ఆవిడ మెషిను ఆపేశారు. చేతిలో సగం కుట్టిన కాలరు అలాగే ఉంది. రేడియోలో పాట రెండో చరణానికొచ్చింది. అత్తయ్య పెదవులు దానితోపాటే కదులుతున్నాయి. ముందుకీ పోలేదు, వెనకా పడలేదు. రోజూ మెషిను మీద పాడే స్థాయే, రోజూ పాడే వేగమే, చెప్పి పాడించినట్టు రేడియోతో కలిసిపోయాయి. నా చేతిలో సూది ఆగిపోయింది.

"అత్తయ్యా, మీరు పాడేది ఇదేగా?"

"నేనెప్పుడూ పాడేది ఇదే," అన్నారావిడ. కాలరు మళ్ళీ సూది కిందకి జరిపారు.

మెల్లగా అడిగితే చెప్పారు. పెళ్ళికి ముందు ఆవిడ వాళ్ళ ఊళ్ళో రికార్డుల షాపులో కౌంటరు మీద పనిచేశారట. కొనేవాళ్ళు అడిగినప్పుడల్లా రికార్డు వేసి వినిపించడం ఆవిడ పని. "మెట్లు" వచ్చిన ఏడు కిటికీ పాటని పొద్దస్తమానం వేసేవారట. ఆ షాపులో పిల్ల అనగానే మామయ్యగారు ఎగిరి గంతేసి సంబంధం ఒప్పుకున్నారట. ఒప్పుకున్నాయన ఆ తర్వాత ఒక్కసారి కూడా, నువ్వక్కడ ఏం విన్నావు, నీకేం నచ్చింది అని అడగలేదు.

"మరి మీరైనా చెప్పలేదా, పాట నిదానంగా ఉందని?"

"కాపీ చేసిన కొత్తలోనే చెప్పాను. పాట ఈడుస్తోంది, మోటారు చూడండి అన్నాను. ఈ ఇద్దరూ ఉన్నారప్పుడు. నీ చెవికే తొందరెక్కువ అని నవ్వారు. సరే, నవ్వుకోనీ అనుకున్నాను." ఆవిడ గొంతులో కోపం లేదు. "అయినా అది దుఃఖం పాట కాదమ్మాయ్. మాటల్లో కిటికీ దగ్గర నుంచుందనే ఉంటుంది, ఎందుకో గొంతే చెప్పాలి. కిటికీలోంచి అతను రావడం కనబడింది, పరుగెత్తుకుంటూ మెట్లు దిగబోతోంది ఆ పిల్ల. దాన్ని పట్టుకుని వీళ్ళు వారం వారం ఏడుస్తారు."

నాకు నవ్వూ వచ్చింది, ఉక్రోషమూ వచ్చింది. ఇంత తెలిసిన మనిషి ఇన్నేళ్ళుగా ఆ గదిలోకి టీ కప్పులు మాత్రమే పట్టుకెళ్ళారు. ఆ క్షణం నుంచి నాకు ఒకటే కోరిక పట్టుకుంది. ఆ ముగ్గురూ నోరు మూసుకుని కూర్చుని, ఈవిడ చెప్పేది వినాలి.

ఫోనులో అనౌన్సరమ్మాయి, సీడీ నుంచి నేరుగా వేశామండీ అందట. మామయ్యగారు ఒప్పుకోలేదు. మర్నాడే బీరువా తెరిచి "మెట్లు" మొదటి క్యాసెట్టు తీసి, రుమాల్లో చుట్టి, "పద అమ్మాయ్, నువ్వూ రా. చదువుకున్న పిల్ల పక్కనుంటే వాళ్ళూ జాగ్రత్తగా వింటారు" అన్నారు. జరగబోయేది నాకు తెలుసు. అయినా మామగారితో ఆ మాట అనడానికి నోరు రాలేదు. బస్సు బాబాయి బస్సులోనే వెళ్ళాం. "వదలకు. రికార్డు సరిచేయించి గానీ రాకు" అని ఆయన మమ్మల్ని దింపుతూ చెప్పారు.

స్టేషను ఒక పాత మేడ మీద రెండు గదులు. గోడలకి స్పాంజి అతికించి ఉంది. అనౌన్సరమ్మాయి చాలా మర్యాదగా క్యాసెట్టు అందుకుంది. ముందు మాది వేసింది. మామయ్యగారు కళ్ళు మూసుకుని, ఇదీ పాటంటే, అన్నట్టు తలూపారు. తర్వాత సీడీ వేసింది.

"చూశారా, ఎంత తేడానో!" అన్నారు మామయ్యగారు.

"తేడా ఉందండి," అంది ఆ అమ్మాయి. కాసేపు తటపటాయించి, అల్మరాలోంచి ఒక పెద్ద రికార్డు తీసింది. అట్ట మీద మెట్ల బొమ్మ. అసలు రికార్డే. ప్లేయరు మీద పెట్టి, అది సరిగ్గా తిరుగుతోందని ఆయనకి చూపించి, సూది దించింది. పాట సీడీలో ఎలా ఉందో అలాగే వచ్చింది. పరుగెత్తుతూ, నవ్వుతూ, పైస్థాయిలో.

మామయ్యగారు చివరి దాకా విన్నారు. మధ్యలో ఒక్కసారి నా వైపు చూశారు. తర్వాత క్యాసెట్టు తీసుకుని రుమాల్లో చుట్టారు. "శ్రమ ఇచ్చానమ్మా," అన్నారు ఆ అమ్మాయితో. నాకాయన మీద ఎక్కడలేని జాలి వేసింది.

తిరుగు ప్రయాణంలో బస్సు బాబాయి అద్దంలోంచి చూస్తూ, "ఒప్పుకున్నారా?" అని కేకేశారు.

"ముందు చూసి నడుపు," అన్నారు మామయ్యగారు.

ఇంటికి రాగానే ఆయన అటక మీంచి పాత రికార్డు ప్లేయరు దింపారు. పైపళ్ళెం ఎత్తి చూస్తే లోపల దాన్ని తిప్పే రబ్బరు బెల్టు వదులుగా వేలాడుతోంది. ఆనాడు రాత్రనకా పగలనకా తిప్పేసరికి సాగిపోయి ఉంటుంది. ముందు ఎక్కించిన "గొడుగు" కాస్తే నిదానం. "అద్దం", "తెల్లట్ట" ఇంకాస్త. చివర్లో ఎక్కించిన "మెట్లు" అన్నింటికంటే ఎక్కువ ఈడ్చుకుంటూ వచ్చింది. ఆయన ఆ బెల్టుని వేలికి చుట్టుకుని చాలాసేపు అక్కడే కూర్చున్నారు.

సాయంత్రం స్నేహితులిద్దరికీ చెప్పారు. వాళ్ళు అంత తేలిగ్గా లొంగే రకమా?

"అయితే తప్పు మనవాళ్ళదే," అన్నారు మాస్టారు తడుముకోకుండా. "ఆ పాటని వాళ్ళు తొందరపడి పాడారు. దాని సరైన వేగం నీ బెల్టుకి తెలిసింది."

"అంతే! వాళ్ళు ఇప్పుడు వింటే వాళ్ళే ఒప్పుకుంటారు," అన్నారు బస్సు బాబాయి. "రేడియోలో ఈ సంగతి ఎత్తకు. మన పాట మనది. వెళ్ళు, ఎప్పుడూ చెప్పేదే చెప్పు, గెలిచి రా."

మామయ్యగారు నవ్వలేదు. "ఊరంతటికీ తప్పు పాట అమ్మాను రా," అన్నారు.

ఆ తర్వాత వరసగా రెండు ఆదివారాలు మా ముందు గది మూగపోయింది. మామయ్యగారు అనౌన్సరమ్మాయిని బతిమాలి మంచి కాపీ ఒకటి చేయించుకుని, షాపు ముందు బోర్డు పెట్టారు. నా దగ్గర కిటికీ పాట కాపీ చేయించుకున్నవారికి మనవి, అందులో వేగం తప్పు, పాతది తెచ్చి ఇస్తే సరైనది ఉచితంగా ఇస్తాను, అని రాశారు. ఆయన అలా రాస్తారని నేననుకోలేదు. దాచేసుకుంటే ఎవరికి తెలుస్తుంది? అంత నిజాయితీ నేను అంతకుముందు ఎవరి దగ్గరా చూడలేదు.

జనం వచ్చారు. వచ్చి, కొత్తది విని, పాతది చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు. "ఇదేంటండీ, పాలవాడు తొందరపెడుతున్నట్టుంది" అన్నాడొకడు. ఒక టీచరమ్మ, "మా వాడు చంటివాడప్పుడు దీంతోనే నిద్రపోయేవాడండీ, మీది మంచి తప్పు" అని ఆయన్ని ఓదార్చి వెళ్ళింది. ఒక్కరూ మార్చుకోలేదు. ఎవరైనా కోప్పడి ఉంటే ఆయనకి కాస్త తేలికగా ఉండేదేమో. ఇలా అందరూ క్షమించేస్తుంటే మనిషి ఇంకా కుంగిపోయారు. "నేను వెళ్ళను, ఇంకెవర్నైనా చూసుకోమని ఫోను చేస్తాను" అనడం మొదలుపెట్టారు.

ఒక మధ్యాహ్నం నేనూ అత్తయ్యా గౌన్లకి అంచులు మడుస్తున్నాం. మామయ్యగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. పగటిపూట ఆయన ఆ గదిలోకి రావడం నేను చూడలేదు.

"నువ్వు చెప్పావు కదూ," అన్నారు.

"ఏం చెప్పాను?" అన్నారు అత్తయ్య, తలెత్తకుండా.

"మోటారు చూడమని. అప్పట్లో."

"చెప్పానేమో. ఆ తెల్లదారం ఇటు అందుకోండి."

ఆయన దారం వెతికి ఇచ్చారు. ఇచ్చి, వెళ్ళకుండా అక్కడే పీట లాక్కుని కూర్చున్నారు. అత్తయ్య మెషిను తొక్కుతున్నారు. కాసేపటికి అలవాటు కొద్దీ పాట అందుకున్నారు, కిటికీ పాటే. మొదటి చరణం అయింది, రెండోదీ అయింది. మామయ్యగారు తల వంచుకుని, ఒక్కసారి కూడా కదలకుండా విన్నారు. పాట అయిపోయాక లేచి, "ఆ పిల్ల నవ్వుతోంది," అన్నారు.

"ఆఁ," అన్నారు అత్తయ్య.

అంతే జరిగింది. స్టేషనుకి ఫోను చేస్తానన్న మాట మాత్రం ఆయన మళ్ళీ ఎత్తలేదు.

వాదన రోజు మామయ్యగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఒక్కరే వెళ్ళారు. ఏం మాట్లాడతారో ఎవరికీ చెప్పలేదు. మాస్టారూ బస్సు బాబాయీ మా ఇంటికొచ్చి రేడియో ముందు కూర్చున్నారు. బడులు తెరిచే రోజులు దగ్గరపడ్డాయి కనక మెషిను ముందు గదిలోకే జరుపుకుని అత్తయ్య జేబులు కుడుతున్నారు. ఆవిడ నోట్లో గుండుసూదులు, నా ఒళ్ళో బొత్తాల డబ్బా. ఆయన బోర్డు సంగతి దాచి, గెలుపు కోసం పాత పాటే పాడితే ఏం చెయ్యాలి అని నాకు ఒకటే బెంగ. అలాగైతే ఇక ఈ ఇంట్లో అత్తయ్య మాట ఎప్పటికీ వినబడదు.

మొదట ఎవరో వడ్రంగి మాట్లాడాడు, బాగా మాట్లాడాడు. తర్వాత మామయ్యగారి వంతొచ్చింది.

"నేను కిటికీ పాట గొప్పదని చెప్పడానికి రావాల్సినవాణ్ణి. కానీ ఆ పాట నేను ఇన్నేళ్ళూ తప్పుగా విన్నాను. నా రికార్డు ప్లేయరు బెల్టు సాగిపోయింది. మా ఊరి వాళ్ళందరికీ తప్పుగానే వినిపించాను. సంతోషం పాటని పట్టుకుని దుఃఖం అని వాదించాను."

"చెప్పేశాడు!" అని మాస్టారు నెత్తి కొట్టుకున్నారు. "కొంప ముంచాడు!"

"మా ఇంట్లో ఒక మనిషి అప్పుడే చెప్పింది," రేడియోలో మామయ్యగారు ఆగి, గొంతు సవరించుకున్నారు. "మా ఆవిడ. నాకంటే ముందు, నాకంటే సరిగ్గా ఆ పాటలు విన్నది. నలుగురిలో నవ్వేశాను. ఏ ఆల్బం గొప్పదో, ఏ పాట గొప్పదో ఈ రోజు వరకూ ఆమెని ఒక్క మాట అడగలేదు. అందుకని నా వంతు ఆమెకిస్తున్నాను. మా ఇంటికి ఫోను చెయ్యండమ్మా."

మెషిను ఆగింది. ఫోను మోగింది. మాస్టారు ఫోను వైపు చూశారు, బస్సు బాబాయి అత్తయ్య వైపు చూశారు. నా కళ్ళలో నీళ్ళు తిరిగిపోయి ఎటూ చూడలేకపోయాను.

అత్తయ్య నోట్లోంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి మెత్తకి గుచ్చారు. ఫోను మోగుతూనే ఉంది. "వదినా, ఎత్తండి!" అన్నారు బస్సు బాబాయి, ఏడుపు గొంతుతో. ఆవిడ లేచి, చీర మీది దారప్పోగులు దులుపుకుని, వెళ్ళి ఫోను ఎత్తారు. రేడియో మోత తగ్గించమన్నారు కాబోలు, ఆవిడ చెయ్యూపగానే మాస్టారు గబుక్కున రేడియో ఆపేశారు. ఇక గదిలో ఆవిడ గొంతు తప్ప ఏదీ లేదు.

"ఆఁ, చెప్పండి... ఒక్క పాట చెప్పమంటారా?" అత్తయ్య కాసేపు విన్నారు. "అలా కుదరదమ్మా. ముందు ఆల్బంల సంగతి తేలాలి. పాటలు తర్వాత. మీ దగ్గర టైం ఉందా?"

ఉందన్నట్టున్నారు. అత్తయ్య కాలితో కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. ఇక మొదలుపెట్టారు. "గొడుగు"లో ఏ సింగిల్ వెనక వైపు పాట అసలు పాటకంటే మంచిదో చెప్పారు. "అద్దం"లో తలకిందులుగా వచ్చే ఎత్తుగడ సంగతీ చెప్పారు, అది మూడో పాటలో కూడా వస్తుందని చెప్తే మాస్టారు నోరు తెరిచారు. బల్ల గుద్దడానికి ఎత్తిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. తెల్లట్టని పైకెత్తి మొదటి స్థానంలో కూర్చోబెట్టారు. అందులో ఆ పిల్ల గొంతుకి ఒక్క వాద్యం కూడా అడ్డం రాదని, పాడటం తెలిసినవాళ్ళకి అంతకంటే ఇంకేం కావాలని అడిగారు. "మెట్లు" నాలుగోది అన్నారు. కిటికీ పాట ఒక్కటి తీసేస్తే మిగతాదంతా బాకాల గోల అన్నారు. మధ్యలో ఒక్కసారి కూడా ఆవిడ మాట తడబడలేదు. నేను ఆ వేసవిలో ఎన్నో చూశాను గానీ, ఆ కుర్చీలో ఆవిడ కూర్చున్న తీరు తలుచుకుంటే ఇప్పటికీ నా వెన్ను నిటారవుతుంది.

ఆ రోజు ఎవరు గెలిచారో నాకు గుర్తు లేదు. వడ్రంగే అనుకుంటాను.

మామయ్యగారు వచ్చేసరికి మేమింకా ముందు గదిలోనే ఉన్నాం. వీధి తలుపు దభాల్న తెరుచుకుంది. ఆయన మొహం ఎర్రగా ఉంది, చొక్కా చెమటతో తడిసిపోయింది. బస్టాపు నుంచి పరుగెత్తుకొచ్చినట్టున్నారు. స్నేహితుల వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. చెప్పులైనా విప్పకుండా నేరుగా అత్తయ్య ముందుకొచ్చి నిలబడ్డారు.

"నాలుగోదా?" అన్నారు, ఊపిరి అందక. "'మెట్లు' నాలుగోదా? ఎలా?"

"కూర్చోండి, చెప్తాను," అన్నారు అత్తయ్య.

మామయ్యగారు కూర్చున్నారు.